పాచికతో ఒక కంకర బొమ్మ

జర్మనీలో గేయోర్గ్ నేస్ 1968 ప్రాంతంలో కంప్యూటర్‌తో గీయించిన ‘షాటర్’ అనే బొమ్మ అంటే నాకు ప్రాణం. జర్మన్‌లో షాటర్ అంటే కంకర. అడ్డంగా 12, నిలువుగా 22 చతురస్రాలు. పైన బుద్ధిగా నిలబడి, కిందికి వచ్చేకొద్దీ చెదిరిపోతాయి. దీన్ని చేత్తోనూ గీయొచ్చు.

గ్రాఫ్ పేపర్ మీద అడ్డంగా 6, నిలువుగా 10 గళ్లు చాలు, గడి 1.5 సెం.మీ. అదే కొలతకు అట్టముక్క కోసి, నడుమ గుండుసూది గుచ్చండి. మొదటి వరుస తిన్నగా గీసేయండి. రెండో వరుస నుంచి ప్రతి గడికీ పాచిక రెండుసార్లు వేయాలి. మొదటిసారి బేసి పడితే ఎడమకు, సరి పడితే కుడికి. రెండోసారి పడిన అంకెను, పైనున్న వరుసల సంఖ్యతో గుణిస్తే ఎన్ని డిగ్రీలు తిప్పాలో వస్తుంది. ఐదో వరుసలో 3 పడితే 12 డిగ్రీలు. కోణమానినితో కొలిచి, అట్ట తిప్పి, చుట్టూ గీత గీయండి. ఆరో వరుస నుంచి అదే వైపుకు రెండు మూడు మిల్లీమీటర్లు జరపండి కూడా.

పాచిక మానేసి కంటి అంచనాతో తిప్పొద్దు. నేనలా చేస్తే దాదాపు అన్నీ కుడికే వాలాయి. చేతి అలవాటు చేతికుంటుంది. పడిన అంకె నచ్చకపోయినా మార్చకండి. నియమం మార్చాలనిపిస్తే కొత్త కాగితం తీసుకోండి.