సాలీళ్ళను వేటాడే ఎడారి కందిరీగను గుర్తుపట్టడం ఎలా?

అరిజోనా, న్యూ మెక్సికో ఎడారుల్లో నల్లటి నీలి ఒళ్ళు, నారింజ రెక్కలతో వేలెడంత కందిరీగ కనిపిస్తే "టరాంటులా హాక్" (టరాంటులా అనే పెద్ద బొచ్చు సాలీడును వేటాడేది) అనేస్తారు. చాలాసార్లు నిజమే. కానీ రంగొక్కటే నమ్ముకోకండి. టరాంటులా హాక్‌ల్లో ఒకటైన పెప్సిస్ గ్రోసా అనే జాతిలోనే నల్ల రెక్కలవీ ఉన్నాయి. మైడాస్ ఈగల్లో కొన్ని అచ్చం ఇదే వేషంలో తిరుగుతాయి.

ముందు నడక చూడండి. ఆడది నేల మీద ఆగి ఆగి పరుగెడుతుంది. రెక్కలు టపటపా విదిలిస్తూ, మీసాలతో మట్టిని తట్టుకుంటూ ప్రతి బొరియలోకీ తొంగిచూస్తుంది. తర్వాత వెనక కాళ్ళు: బాగా పొడుగు, ముళ్ళు. ఆ తర్వాత నడుము. మట్టిగూళ్ళు కట్టే కందిరీగల్లో చాలావాటికి నడుము దారంలా సాగి ఉంటుంది; దీనికి పొట్టి. రెక్కలు ఒక్క జతే ఉండి, మీసాల చివర గుండుగా ఉంటే అది మైడాస్ ఈగ. వాలినప్పుడు రెక్కలు పొడవునా సగానికి మడిచేవి కాగితపు గూళ్ళ కందిరీగలు.

ఖాయం చేసుకోవాలంటే రొమ్ము పక్కభాగం చూడాలి. అక్కడ అడ్డంగా గీసినట్టు ఒక తిన్నని గాడి ఉంటే అది సాలీళ్ళను వేటాడే పాంపిలిడే కుటుంబానిదే. పైనుంచి తీసిన ఫొటోలో ఈ గాడి పడదు, ఎక్కువమంది చేసే పొరపాటు అదే. కెమెరాను పువ్వు ఎత్తుకు దించి పక్కనుంచి తీయండి. షట్టర్ సెకనులో వెయ్యోవంతు పెట్టండి, అంతకన్నా నెమ్మదైతే కాళ్ళు చెదిరిపోతాయి. మండుటెండలో ఇవి తక్కువగా తిరుగుతాయి కాబట్టి ఉదయమో, సాయంత్రమో మిల్క్‌వీడ్, మెస్కీట్ పూల దగ్గర కాపు కాయండి. మొదటిది మన జిల్లేడుకు, రెండోది సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం.

మీసాలు మెలిక తిరిగి ఉంటే ఆడది, నిటారుగా ఉంటే మగది. అనుమానముంటే ఫొటోలో మీసం కణుపులు లెక్కపెట్టండి: ఆడదానికి 12, మగదానికి 13. కొండి ఆడదానికే.

ఒకే పెద్ద సాలీడును వెనక్కి నడుస్తూ ఈడ్చుకుపోతుంటే ఇంక సందేహమే లేదు. ఆ సాలీడు చావలేదు, చచ్చుబడింది. దాన్ని బొరియలో పెట్టి, పొట్ట మీద ఒకే గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు దాన్ని బతికుండగానే తింటుంది. వేటను ముట్టుకోవద్దు, రెండు మీటర్ల దూరంలో నిలబడి చూడండి. ఈ దృశ్యం దొరకడం అదృష్టం.

పేరు పెట్టేటప్పుడు తొందర వద్దు. హెమిపెప్సిస్ ప్రజాతి కందిరీగలు కూడా పెప్సిస్‌లాగే ఉంటాయి. రెక్కల ఈనెలు స్పష్టంగా కనిపిస్తేనే తేడా తేలుతుంది. ఈనెలు కనబడకపోతే "టరాంటులా హాక్" అని ఆపేయడమే నిజాయితీ.

ఫీనిక్స్ వైపు ఉంటున్న మనవాళ్ళు పిల్లలను పెరట్లోకి చెప్పుల్లేకుండా పంపకండి. రెచ్చగొడితే తప్ప కుట్టదు గానీ, కీటక శాస్త్రవేత్త జస్టిన్ ష్మిట్ తయారుచేసిన కీటకాల కాటు నొప్పి కొలమానంలో దీనిది అన్నిటికన్నా పైమెట్టు, 4. కుడితే పరుగెత్తకుండా వెంటనే కింద కూర్చోండి, ఆ నొప్పికి పడి దెబ్బలు తగిలించుకునే ప్రమాదముంది. తీవ్రమైన నొప్పి సాధారణంగా ఐదు నిమిషాల్లో తగ్గుతుంది. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా 911కి ఫోన్ చేయండి.