బొమ్మకు మందం ఇవ్వగానే తేడా కొడుతోందా? ఇంక్‌స్కేప్ నుంచి బ్లెండర్ దాకా సమస్యలు - పరిష్కారాలు

గీతల బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో గీసినంతసేపూ బొమ్మ ముచ్చటగానే ఉంటుంది. ఎస్‌వీజీగా (గీతలను గీతలుగానే దాచే ఫైల్ రకం) సేవ్ చేసి, 3డీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లోకి తెచ్చి, మందం ఇవ్వగానే దాని గుట్టు బయటపడుతుంది. అక్షరం పూడుకుపోతుంది, గీత కాగితంలా నిలబడుతుంది, గోడలు గరుకుగా వస్తాయి. అప్పుడు చాలామంది బ్లెండర్‌తో కుస్తీ పడతారు. తప్పు చాలాసార్లు అక్కడ ఉండదు, బొమ్మలోనే ఉంటుంది. అందుకే ఏ ఇబ్బంది వచ్చినా ముందు ఇంక్‌స్కేప్‌కి వెళ్లి, వ్యూ మెనూలో డిస్‌ప్లే మోడ్‌ను అవుట్‌లైన్‌కి మార్చి చూడండి. రంగులు, మందాలు పోయి ఉత్త గీతలు మిగులుతాయి. బ్లెండర్‌కి అందేది దాదాపు అదే.

ఇంపోర్ట్ చేశాను, ఏమీ కనిపించడం లేదు

వచ్చే ఉంటుంది, మరీ చిన్నగా ఉంటుంది. బ్లెండర్ లెక్క మీటర్లలో. 100 మిల్లీమీటర్ల బొమ్మ అక్కడ 0.1 మీటరు. కొత్త ఫైల్లో ఎదురుగా కనిపించే క్యూబ్ 2 మీటర్లు. అంటే మీ బొమ్మ ఆ క్యూబ్ కడుపులో దాక్కుని ఉంది. క్యూబ్‌ని తీసేసి, కుడివైపు వస్తువుల పేర్లుండే అవుట్‌లైనర్‌లో బొమ్మ పేరు మీద క్లిక్ చేసి, మౌస్‌ను మళ్లీ బొమ్మ ఉండే కిటికీ మీదికి తెచ్చి, నంబర్ ప్యాడ్‌లో చుక్క నొక్కండి. నేరుగా దాని దగ్గరకు తీసుకెళ్తుంది.

అవుట్‌లైనర్‌లో కూడా పేరు లేకపోతే అది టెక్స్ట్ అయి ఉంటుంది. టెక్స్ట్‌ను టెక్స్ట్‌గా పంపితే బ్లెండర్ తీసుకోదు. ఇంక్‌స్కేప్ పాత్ మెనూలో ఆబ్జెక్ట్ టు పాత్ నొక్కి, అక్షరాలను గీతలుగా మార్చి పంపండి.

గీతలు కాగితం అంచుల్లా నిలబడ్డాయి

మీరు 3 మిల్లీమీటర్ల మందంతో గీసిన గీత నిజానికి మందం లేని దారి. ఆ మందం పైన వేసిన పూత లాంటిది. బ్లెండర్ ఆ పూతను పట్టించుకోదు, దారిని మాత్రమే తీసుకుంటుంది. పాత్ మెనూలో స్ట్రోక్ టు పాత్ నొక్కితే గీత చుట్టూ అసలైన అంచు వస్తుంది. ఆ తర్వాత గీత మందం మార్చుకునే వీలుండదు కాబట్టి, ముందే ఒక కాపీ పక్కన పెట్టుకోండి.

అక్షరాల్లో రంధ్రాలు పూడుకుపోయాయి, లేదా ఉండకూడని చోట రంధ్రం పడింది

ఎక్కువ తిప్పలు పెట్టేది ఇదే. రెండు రకాలుగా జరుగుతుంది.

మొదటిది మనం చేతులారా చేసుకునేది. సున్న కావాలి. నల్ల వృత్తం గీసి, దానిమీద తెల్ల వృత్తం పెడతాం. కంటికి అది రంధ్రమే. బ్లెండర్‌కి మాత్రం రెండు నిండు బిళ్లలు. రెండింటికీ ఒకే మందం ఇస్తే ఒకదాని పైముఖం ఇంకోదాని పైముఖంతో కలిసిపోయి, కెమెరా తిప్పుతుంటే మధ్యలో మిణుకుమిణుకుమంటుంది. నేను మొదటిసారి అది గ్రాఫిక్స్ కార్డ్ జబ్బు అనుకుని డ్రైవర్ కూడా మార్చాను. అసలు మందు చిన్నదే: రెండు వృత్తాలనూ ఎంచుకుని పాత్ మెనూలో డిఫరెన్స్. పైది కిందిదాన్ని కోసేస్తుంది.

రెండోది తెలుగు అక్షరాలతో తరచూ వస్తుంది. ఒత్తు అక్షరాన్ని తాకే చోట, గుణింతపు గుర్తు అక్షరం మీదికి ఎక్కే చోట రెండు ఆకారాలు ఒకదానిమీద ఒకటి పడతాయి. వాటిని కంబైన్ చేస్తే ఒకే వస్తువు అవుతుంది కానీ లోపలి గీతలు అలాగే ఉంటాయి. ఆ ఒరుసుకున్న చోట చిన్న కన్నం పడుతుంది, లేదా చిరిగినట్టు వస్తుంది. ఇక్కడ కావలసింది కంబైన్ కాదు, యూనియన్. టెక్స్ట్‌ను పాత్‌గా మార్చి, గ్రూపు విడదీసి, అన్నీ ఎంచుకుని యూనియన్ నొక్కండి. అవుట్‌లైన్‌లో చూస్తే అక్షరం చుట్టూ ఒకే గీత, లోపల అసలు రంధ్రాల గీతలు మాత్రమే ఉండాలి.

ఇంకో మాట. ‘ఠ’ లోపలి చుక్క తెరమీద గాల్లో బాగానే నిలబడుతుంది. 3డీ ప్రింట్ తీస్తే ఊడి చేతికొస్తుంది, దాన్ని పట్టుకునేది ఏదీ లేదు మరి. కింద ఒక పలక అయినా ఉండాలి, చుక్కను అంచుకు కలిపే సన్నని వంతెన అయినా ఉండాలి.

ఇచ్చిన దానికన్నా మందంగా, ఉబ్బినట్టు వచ్చింది

కర్వ్‌కి (బ్లెండర్‌లోకి వచ్చిన గీతకు) ఎక్స్‌ట్రూడ్ (మందం) విలువ ఇస్తే బ్లెండర్ పైకీ కిందికీ రెండువైపులా లాగుతుంది. 2 మిల్లీమీటర్లు అని ఇస్తే 4 వస్తుంది. కావలసిన దాంట్లో సగం ఇవ్వండి. మూలలను నున్నగా చేసే బెవెల్ కూడా అంచును బయటికి తోస్తుంది. దాంతో అక్షరాల మధ్య సందులు మూసుకుపోతాయి. అంచును లోపలికో బయటికో జరిపే ఆఫ్‌సెట్‌లో అంతే విలువను మైనస్‌లో ఇస్తే మళ్లీ అసలు కొలతకు వస్తుంది.

గోడల మీద చారలు, గరుకుతనం

ఫొటో నుంచి ట్రేస్ చేసిన బొమ్మలతో వచ్చే గొడవ. ట్రేస్ బిట్‌మ్యాప్ చిన్న వంపుకు కూడా బోలెడు నోడ్లు (గీత వంపును పట్టి ఉంచే చుక్కలు) పెడుతుంది. అవన్నీ కాస్త అటూఇటూ ఉంటాయి. మందం ఇచ్చాక ఆ వంకరలే గోడ మీద నిలువు చారలవుతాయి. పాత్ మెనూలో నోడ్లు తగ్గించే సింప్లిఫై ఒకసారి నొక్కండి, మరీ అయితే రెండుసార్లు. ఆపైన నొక్కితే మూలలు కరిగిపోతాయి. ముఖ్యమైన బొమ్మ అయితే ట్రేస్‌ను అడుగున పెట్టుకుని పెన్ టూల్‌తో మళ్లీ గీయడమే మేలు. పది నిమిషాల పని, తర్వాత గంటల తలనొప్పి తప్పుతుంది.

ఇల్లస్ట్రేటర్‌లో ఎక్స్‌ట్రూడ్ చేస్తే మొత్తం నల్ల ముద్ద

బ్లెండర్‌కి వెళ్లకుండా అడోబీ ఇల్లస్ట్రేటర్‌లోనే మందం ఇచ్చేవాళ్లకు వచ్చే ఇబ్బంది ఇది. వస్తువు నలుపు, మామూలుగా నీడ రంగూ నలుపే. ముఖాల మధ్య తేడా ఎలా తెలుస్తుంది? వస్తువుకి ముదురు బూడిద రంగు వేయండి.

స్లైసర్ ‘మెష్ సరిగా లేదు’ అంటోంది, లేదా సైజు తప్పింది

స్లైసర్ అంటే 3డీ ప్రింటర్ కోసం బొమ్మను పొరలుగా కోసే సాఫ్ట్‌వేర్. కర్వ్‌ని మెష్‌గా (చిన్న ముఖాలతో అల్లిన వలగా) మార్చినప్పుడు పైమూత, పక్క గోడ చూడటానికి అతికినట్టే ఉంటాయి, కానీ అతకవు. ఎడిట్ మోడ్‌లో అన్నీ ఎంచుకుని, దగ్గరగా ఉన్న చుక్కలను కలిపేసే మెర్జ్ బై డిస్టెన్స్ చేయండి. బొమ్మ మరీ చిన్నదైతే దూరం విలువ తగ్గించండి, లేకపోతే సన్నని భాగాలు కూడా అతుక్కుపోతాయి. తర్వాత సెలెక్ట్ మెనూలో అతకని అంచులను చూపే నాన్ మానిఫోల్డ్ నొక్కితే ఏమీ వెలగకూడదు.

ఇక సైజు. స్లైసర్‌కి పంపే ఎస్‌టీఎల్ ఫైల్లో అంకెలే ఉంటాయి, అవి మిల్లీమీటర్లో మీటర్లో రాసి ఉండదు. బ్లెండర్ 0.1 అని రాస్తే స్లైసర్ దాన్ని 0.1 మిల్లీమీటరు అనుకుంటుంది. ఎక్స్‌పోర్ట్‌లో స్కేల్ 1000 ఇవ్వండి. 100 ఉండాల్సింది 93.75 వచ్చిందంటే కథ వేరు, ఫైల్ పాతది. 2017లో వచ్చిన 0.92 వెర్షన్‌తో ఇంక్‌స్కేప్ అంగుళానికి 90 పిక్సెళ్ల లెక్క వదిలి 96కి మారింది. పాత ఫైల్‌ను కొత్త ఇంక్‌స్కేప్‌లో తెరిచినప్పుడు సైజు గురించి అడిగే ప్రశ్నను చదవకుండా కొట్టేయకండి.