మాల తీసిన తర్వాత కూడా పొగ మానేసి ఉండడం ఎలా

కార్తీక మాసం వచ్చిందంటే, రోజుకు రెండు పెట్టెలు కాల్చే మనిషి కూడా అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు సిగరెట్టు ముట్టకుండా ఉండడం ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల్లో ఏటా చూస్తూనే ఉంటాము. మాల తీసిన కొద్ది రోజులకే వారిలో చాలామంది మళ్లీ వెలిగిస్తారు. నికోటిన్ అందనప్పుడు కలిగే చిరాకు, నిద్రలేమి, ఏకాగ్రత లోపం మొదటి మూడు రోజుల్లో ఎక్కువగా ఉండి, సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుముఖం పడతాయి. అంటే దీక్ష పూర్తి చేసినవారు శరీరానికి కష్టమైన దశను అప్పటికే దాటేశారు. దీక్షలో ఉన్నంతకాలం తెల్లవారుజామునే స్నానం, పూజ, తోటి స్వాముల సహవాసం, ఇంటిల్లిపాది జాగ్రత్త వారిని కాపాడుతూ వచ్చాయి. మాలతో పాటు ఆ ఏర్పాటంతా ఒక్కరోజులో తొలగిపోతుంది. పొగ మానదలచినవారు మాల వేసుకున్నా, వేసుకోకపోయినా అటువంటి ఏర్పాటును ముందుగానే సిద్ధం చేసుకోవాలి.

మొదట, రెండు వారాల లోపు ఒక తేదీని నిర్ణయించుకోండి. ఆ తేదీ మీ పనిలో అతి కష్టమైన రోజుల మధ్య పడకూడదు. టంగుటూరు, కొండపి వైపు రైతు పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రంతా మేలుకుని మంట చూసుకునే రోజుల్లోనో, నెల్లూరు తీరంలో రొయ్యల చెరువు కాపలాదారు పట్టుబడికి ముందు నిద్ర మానుకునే రోజుల్లోనో మొదలుపెడితే నిలబడడం కష్టం. తేదీ వచ్చేలోగా ప్రతి సిగరెట్టునూ ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో కాల్చారో ఒక కాగితం మీద రాసుకుంటే, వాటిలో చాలావరకు టీ బంకు దగ్గరో, భోజనం అయిన వెంటనేనో కాల్చినవని మీకే తెలుస్తుంది. ఆ వేళలకు మరో పనిని ఇప్పుడే నిర్ణయించుకోండి, ఎందుకంటే కోరిక పుట్టాక ఆలోచించడానికి వ్యవధి ఉండదు. ఒక్కొక్క కోరిక సాధారణంగా కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ కాసేపు నోట్లో లవంగమో సోంపో వేసుకుని నాలుగడుగులు నడిచి వస్తే దాటిపోతుంది.

నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్టు వెలిగించేవారికి నికోటిన్ అలవాటు బలంగా ఉన్నట్టు. అటువంటివారు కేవలం పట్టుదలను నమ్ముకోకుండా మందుల సాయం తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం. మందుల షాపులో దొరికే నికోటిన్ గమ్ 2 మిల్లీగ్రాములు, 4 మిల్లీగ్రాముల మోతాదుల్లో ఉంటుంది; పైన చెప్పినవారికి సాధారణంగా 4 మిల్లీగ్రాములది సూచిస్తారు. దీన్ని మామూలు చూయింగ్ గమ్‌లా ఆపకుండా నమిలితే నికోటిన్ ఉమ్మితో కడుపులోకి పోయి వెక్కిళ్లు, వికారం వస్తాయే తప్ప ఫలితం ఉండదు, అందుకే పనిచేయలేదని పారేసేవారు ఎక్కువ. నోట్లో ఘాటు తెలిసేవరకు నెమ్మదిగా నమిలి, తరువాత బుగ్గకూ పళ్ల చిగుళ్లకూ మధ్య ఉంచి, ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. ఇలా అరగంట సాగించాలి. దానికి పావుగంట ముందు నుంచి, అది నోట్లో ఉన్నంతసేపూ టీ, కాఫీ, నిమ్మరసం వంటివి తాగకూడదు. మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి చొప్పున వాడి, ఆ తరువాత క్రమంగా తగ్గిస్తూ సుమారు మూడు నెలలకు ఆపుతారు. బుప్రోపియాన్, వరెనిక్లిన్ మాత్రలను మానే తేదీకి ముందే మొదలుపెట్టాలి. డాక్టరు చీటీ లేకుండా వాడకూడదు, ముఖ్యంగా మూర్ఛ వ్యాధి ఉన్నవారికి బుప్రోపియాన్ పనికిరాదు. గర్భిణులు, ఇటీవల గుండెపోటు వచ్చినవారు గమ్ వాడే ముందు కూడా డాక్టరును అడగాలి. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో ఛాతీ వ్యాధుల విభాగంలో గాని, మానసిక వైద్య విభాగంలో గాని ఇందుకోసం సలహా అడగవచ్చు. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో పనిచేసేవారు మరింత త్వరపడాలి, ఎందుకంటే రాతి ధూళికి పొగ తోడైతే ఊపిరితిత్తులకు హాని పెరుగుతుంది.

ఆసుపత్రికి వెళ్లలేనివారికి ఫోన్ ఉంది. పొగాకు మానడానికి సాయపడే ఈ ఫోన్ సేవను క్విట్‌లైన్ అంటారు. 2018 నుంచి సిగరెట్టు ప్యాకెట్ల మీద ముద్రిస్తున్న దాని 1800-11-2356 నంబరు ఉచితం. తెలుగులో కూడా మాట్లాడవచ్చు. కౌన్సెలర్ మీ అలవాటు గురించి అడిగి, మానే తేదీ నిర్ణయించి, తరువాత తామే తిరిగి ఫోన్ చేసి ఎలా ఉన్నారని కనుక్కుంటారు. దీక్ష ముగించేవారు మాల తీయకముందే ఈ నంబరుకు చేసి పెట్టుకోవడం మంచిది.

ఇంట్లోవారు మొదటి రెండు వారాల విసుగును ఓర్చుకోవాలి. జేబులు వెతకడం, పదిమందిలో నిలదీయడం వల్ల చాటుగా కాల్చే అలవాటు తప్ప మరేమీ రాదు. రోజూ కలిసి టీ తాగే స్నేహితునితో మాత్రం ముందే చెప్పాలి: "బావా, నేను బతిమాలినా ఇవ్వొద్దు, నా ముందు వెలిగించొద్దు." టీ, కాఫీలు కూడా సగానికి తగ్గించుకోండి, ఎందుకంటే పొగ మానగానే వాటిలోని కెఫీన్ శరీరంలోంచి మునుపటికంటే నెమ్మదిగా పోతుంది, మునుపటి మోతాదే గుండెదడకూ నిద్రలేమికీ కారణమవుతుంది. ఇన్సులిన్ గాని, మానసిక వ్యాధికి మందులు గాని వాడేవారు పొగ మానుతున్న సంగతి డాక్టరుకు చెప్పాలి, ఎందుకంటే మోతాదు మార్చవలసి రావచ్చు.

సిగరెట్టు మాని బీడీకో, చుట్టకో, ఖైనీకో మారడం మానడం కాదు. ఎప్పుడైనా పెళ్లిలోనో, చావు ఇంట్లోనో ఒకటి కాల్చేస్తే ఇక అంతా పోయిందనుకుని పెట్టె కొనకండి. మిగిలినవి అక్కడే పారేసి, గమ్ వాడుతూ ఉంటే దాన్ని ఆపకుండా, ఏ వేళ ఎవరి దగ్గర జారిపోయారో పాత కాగితం మీదే రాసుకుని, ఆ రోజే క్విట్‌లైన్‌కు ఫోన్ చేయండి.