నార్మండీ తీరం చూడాలంటే: ముందు పోటు పట్టిక, ఆ తర్వాతే టికెట్లు

ఫ్రాన్స్ ఉత్తర తీరంలోని నార్మండీకి వెళ్లేవాళ్లు సాధారణంగా విమానం టికెట్టు, హోటల్, సెలవులు అనే వరసలో ప్లాన్ వేసుకుంటారు. అక్కడికి వెళ్లాక చూస్తే, రాతి దీవి మీద మఠం, దాని చుట్టూ ప్రాకారాలతో ఉన్న మోన్ సాన్ మిషెల్ (క్లుప్తంగా మోన్) కోట చుట్టూ నీటి చుక్క ఉండదు, అంతా ఎండిన ఇసుక. అరోమాంష్‌లో చూద్దామనుకున్న రెండో ప్రపంచ యుద్ధకాలపు రేవు శిథిలాలేమో నీళ్ల మధ్య దూరంగా ఉంటాయి. ఇందులో తప్పు ఊళ్లది కాదు, తేదీలది. విశాఖలోనో కాకినాడలోనో పోటుకూ పాటుకూ నీటిమట్టంలో తేడా రెండు మీటర్లు కూడా ఉండదు కాబట్టి మనం సముద్రం టైమ్ చూసుకుని బీచ్‌కి వెళ్లం. మోన్ సాన్ మిషెల్ అఖాతంలో ఆ తేడా పెద్ద పోటు రోజుల్లో 14 మీటర్ల దాకా ఉంటుంది, అంటే దాదాపు నాలుగంతస్తుల ఎత్తు. అందుకే ఈ ప్రయాణాన్ని సముద్రం వైపు నుంచి మొదలుపెట్టాలి.

1. పంచాంగం తీయండి

పెద్ద పోట్లు అమావాస్య, పౌర్ణమి రోజునే రావు. ఈ తీరంలో అవి 36 నుంచి 48 గంటలు ఆలస్యంగా, అంటే మన లెక్కలో విదియ, తదియ ప్రాంతంలో వస్తాయి. అష్టమి దాటాక దశమి, ఏకాదశి దగ్గర పోటు బలహీనంగా ఉంటుంది. మార్చి, సెప్టెంబరు నెలల్లో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల చుట్టూ వచ్చే పోట్లు ఏడాదిలోకెల్లా పెద్దవి. ఇంట్లో గోడకున్న క్యాలెండర్ చూసి నాలుగైదు రోజుల అంచనా వేసుకోవచ్చు. ఖరారు మాత్రం ఫ్రెంచ్ పట్టిక చూశాకే చేసుకోండి.

వాతావరణం కూడా కలిసి రావాలంటే మే, సెప్టెంబరు మంచి నెలలు. జులై, ఆగస్టుల్లో జనం ఎక్కువ. 1944లో మిత్రదేశాల సైన్యం ఈ తీరంలో దిగిన జూన్ 6కు అటూ ఇటూ వారం రోజులు యుద్ధ స్మారక సభల వల్ల గదులు దొరకవు, కొన్ని రోడ్లు మూసేస్తారు. ఆ సభల కోసమే వెళ్లేవాళ్లు తప్ప మిగతావాళ్లు ఆ వారాన్ని వదిలేయడం మేలు.

2. పోటు పట్టిక చదవడం

ఫ్రెంచ్ నౌకాదళానికి సముద్ర పటాలు తయారుచేసే 'షోమ్' సంస్థ వెబ్‌సైట్‌లోనూ, మోన్ సాన్ మిషెల్ పర్యాటక కార్యాలయం వెబ్‌సైట్‌లోనూ పట్టిక దొరుకుతుంది. ఇందులో తికమక పెట్టేవి మూడు.

మొదటిది పీ, ఎం అక్షరాలు. వాటిని మధ్యాహ్నం అనుకోకండి. 'ప్లెన్ మేర్', అంటే నిండు పోటు. బీ, ఎం అని ఉంటే 'బాస్ మేర్', పాటు. ఈ ఒక్క పొరపాటుతో పొద్దున చూడాల్సిన పోటుకు సాయంత్రం వెళ్లి నిలబడేవాళ్లు ఉంటారు. గంటలన్నీ 24 గంటల లెక్కలోనే ఉంటాయి.

రెండోది గుణకం. 20 నుంచి 120 దాకా ఉండే ఈ అంకె పోటు బలాన్ని చెబుతుంది. సగటు 70. 90 దాటితే కోట చుట్టూ నీరు చేరడం బాగా కనిపిస్తుంది. 110 దాటితే వంతెన చివర, కోట గుమ్మం ముందున్న నేల కూడా మునిగి మోన్ కాసేపు నిజంగానే దీవి అవుతుంది. అలాంటి రోజులు ఏడాదికి కొన్నే.

మూడోది కాలమానం. అచ్చులో దొరికే కొన్ని పట్టికల్లో ఏడాది పొడవునా చలికాలపు గంటలే వేస్తారు. వేసవిలో అక్కడ గడియారాలు గంట ముందుకు జరుపుతారు కాబట్టి వాటికి ఒక గంట కలపాలి. పట్టిక కిందున్న గమనిక చదవండి.

ఉదాహరణకు వరసలో 20:30, 12.9, 98 అని ఉంటే, రాత్రి ఎనిమిదిన్నరకు నిండు పోటు, నీటిమట్టం 12.9 మీటర్లు, గుణకం 98 అని అర్థం. అలాంటి రోజు సాయంత్రం ఆరున్నరకల్లా కోట బురుజుల మీద ఉండాలి, ఎందుకంటే చూడాల్సింది నీరు నిండడం కంటే నీరు రావడం. పట్టిక ఏ రేవుదో కూడా గమనించండి. అరోమాంష్ గంటలు వేరు, మోన్ గంటలు వేరు. రెండింటి మధ్య కొన్ని గంటల తేడా ఉంటుంది.

3. వీసా

ఫ్రాన్స్‌కు షెంజెన్ వీసా కావాలి. హైదరాబాద్‌లో వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ కేంద్రంలోనే దరఖాస్తు ఇచ్చి వేలిముద్రలు వేయవచ్చు. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి 15 రోజుల ముందు వరకు దరఖాస్తు తీసుకుంటారు, కానీ వేసవికైతే రెండు మూడు నెలల ముందే అపాయింట్‌మెంట్ పట్టుకోండి. పెద్దలకు వీసా రుసుము 90 యూరోలు, సేవా రుసుము అదనం. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ప్రయాణ బీమా తప్పనిసరి. ఇతర దేశాలు కూడా తిరిగేటట్టయితే ఎక్కువ రాత్రులు ఫ్రాన్స్‌లో ఉంటేనే ఫ్రాన్స్‌కు దరఖాస్తు చేయాలి. హోటల్ బుకింగ్‌ల లెక్క దీనికి సరిపోకపోతే దరఖాస్తు అక్కడే చిక్కుకుంటుంది.

4. బస ఎక్కడ, దారి ఎటు

మూడు రాత్రులుంటే రెండు యుద్ధ బీచ్‌లకు దగ్గరి ఊరైన బాయోలో, ఒకటి మోన్ దగ్గర. ఇంతకంటే తక్కువలో రెండూ చూడాలనుకోవడం బస్సు కిటికీలోంచి చూడటమే.

పారిస్ సాన్ లజార్ స్టేషన్ నుంచి బాయోకు రైలు రెండుంపావు, రెండున్నర గంటలు. కొన్ని రైళ్లకు కాన్‌లో మారాలి. ఇక్కడ జాగ్రత్త: తెలుగులో కాన్ అని రాసే ఊళ్లు ఫ్రాన్స్‌లో రెండున్నాయి. సినిమా ఉత్సవం జరిగే కాన్ దక్షిణాన మధ్యధరా తీరంలో ఉంది. నార్మండీ కాన్ స్పెల్లింగ్ సీ, ఏ, ఈ, ఎన్, నాలుగే అక్షరాలు. టికెట్ కొనేటప్పుడు అక్షరాలు లెక్కపెట్టండి.

బాయో నుంచి మోన్‌కు దగ్గరి స్టేషన్ పోంతోర్సోన్. రోజుకు రెండు మూడు రైళ్లే ఉంటాయి, కాబట్టి ఆ రైలును బట్టే మిగతా రోజును అమర్చుకోవాలి. తిరుగు ప్రయాణానికి మోన్ నుంచి రెన్ నగరానికి బస్సు, అక్కడి నుంచి పారిస్ మోంపార్నాస్ స్టేషన్‌కు టీజీవీ అనే వేగవంతమైన రైలు. బస్సు గంటా పది నిమిషాలు, టీజీవీ గంటన్నర.

కారయితే బీచ్‌లు తిరగడం చాలా తేలిక, నలుగురుంటే ఖర్చు కూడా కలిసొస్తుంది. మన లైసెన్స్‌తో పాటు ఆర్టీఏ ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకెళ్లండి. గేర్ల కారు ఇవ్వడం అక్కడ మామూలు, ఆటోమేటిక్ కావాలంటే బుకింగ్‌లోనే చెప్పాలి. బండి కుడివైపు నడపాలి. గుర్తులేమీ లేని చిన్న కూడళ్లలో కుడి సందులోంచి వచ్చే బండికే ముందు దారి. పెద్ద రోడ్డు మీద ఉన్నాం కదా అని ఆగకపోతే ప్రమాదం జరిగేది ఇక్కడే. పారిస్ నుంచి కాన్ వెళ్లే ఏ-13 హైవే మీద టోల్ గేట్లు తీసేశారు. కెమెరా నంబరు పట్టుకుంటుంది. 72 గంటల్లోపు ఆన్‌లైన్‌లో కట్టకపోతే జరిమానా అద్దె కంపెనీకి వెళ్లి, దాని సొంత రుసుముతో కలిసి మీ కార్డు మీద పడుతుంది. కాన్ నుంచి రెన్ వైపు వెళ్లే ఏ-84కు టోల్ లేదు.

5. బాయో, బీచ్‌లు

1944 జూన్ 7నే విముక్తి పొందిన బాయోకు యుద్ధంలో పెద్దగా దెబ్బ తగల్లేదు. అందుకే 1077లో ప్రతిష్ఠించిన కెథెడ్రల్, రాతి వీధులు, నది ఒడ్డు పాత మిల్లులు అలాగే మిగిలాయి. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన కథను నార బట్ట మీద ఉన్ని దారంతో కుట్టిన, దాదాపు 70 మీటర్ల పొడవున్న అల్లిక ఈ ఊరి సొత్తు. అయితే దాని మ్యూజియం 2025 సెప్టెంబరులో పునర్నిర్మాణానికి మూతపడింది, 2027లో తెరవాలని పనులు సాగుతున్నాయి. దానికోసమే వెళ్తుంటే తెరిచారో లేదో చూసుకున్నాకే టికెట్ కొనండి.

1944 జూన్ 6న మిత్రదేశాల సైన్యం దిగిన ఐదు బీచ్‌లు యూటా, ఒమాహా, గోల్డ్, జూనో, సోర్డ్. ఐదూ ఒక్క రోజులో తిరగాలని చూడకండి. బాయో నుంచి ఒమాహా, గోల్డ్ రెండూ అరగంట లోపే. దాడి రోజును నిర్ణయించింది కూడా సముద్రమే. నీటిలో జర్మన్లు పాతిన అడ్డంకులు కనబడాలంటే తెల్లవారిన వెంటనే పాటు ఉండాలి, రాత్రి విమానాలకు వెన్నెల కావాలి. ఈ రెండూ కలిసిన కొద్ది రోజుల్లో జూన్ 5న అనుకున్న దాడి గాలివాన వల్ల ఒక రోజు వాయిదా పడింది.

పొద్దున కోల్విల్ సుర్ మేర్‌లోని అమెరికన్ సైనిక శ్మశానానికి వెళ్లండి. ప్రవేశం ఉచితం. 9,380కి పైగా తెల్ల పాలరాతి సమాధి చిహ్నాలు, అన్నీ పడమర వైపు, అమెరికా దిక్కుకే ముఖం చేసి ఉంటాయి. కుటుంబసభ్యులు వచ్చినప్పుడు సిబ్బంది కింద ఒమాహా బీచ్ నుంచి తెచ్చిన తడి ఇసుకను రాతిలో చెక్కిన పేరు మీద రుద్దుతారు. తెలుపులో తెలుపుగా కలిసిపోయిన అక్షరాలు అప్పుడు లేత గోధుమరంగులో తేలతాయి. ఇక్కడ టిఫిన్ డబ్బాలు విప్పడం, గట్టిగా మాట్లాడటం, సమాధుల మీద చేతులేసి ఫొటోలు దిగడం చేయకండి.

అక్కడి నుంచి లోంగ్ సుర్ మేర్. కాంక్రీటు గూళ్లలో జర్మన్ ఫిరంగులు ఇంకా వాటి చోటే ఉన్నాయి. పిల్లలున్నవాళ్లకు మ్యూజియం కంటే ఇది బాగా అర్థమవుతుంది. అమెరికన్ రేంజర్ సైనికులు తాళ్లతో 30 మీటర్ల నిట్టనిలువు అంచు ఎక్కిన ప్వాంత్ ద్యు ఓక్‌కు వెళ్తే కంచె దాటవద్దు. అంచు ఇప్పటికీ విరిగి పడుతూనే ఉంది.

అరోమాంష్‌ను మాత్రం పాటు వేళకే అట్టిపెట్టుకోండి. మిత్రదేశాలు ఓడరేవు చేజిక్కేదాకా ఆగకుండా, ఇంగ్లండులో కాంక్రీటు పెట్టెలు కట్టి, సముద్రం మీద లాక్కొచ్చి, ఇక్కడ ముంచి రేవు చేశారు. పాటుకు గంటన్నర ముందు ఇసుక మీదికి దిగితే ఒడ్డుకు దగ్గరలో ఉన్నవాటి దాకా నడవచ్చు. దగ్గరికెళ్తే నాచు, నత్తలు పట్టిన గోడ, లోపలి నుంచి పొడుచుకొచ్చిన తుప్పు ఊచలు కనబడతాయి. ఎక్కకండి, జారతారు. నీరు తిరిగి మొదలవగానే వెనక్కి రండి.

6. తిండి

మధ్యాహ్న భోజనం 12 నుంచి 2, రాత్రి 7 తర్వాతే. రెండున్నరకు వెళ్తే వంటగది మూసి ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం నుంచి చాలా దుకాణాలు ఉండవు కాబట్టి శనివారమే బ్రెడ్డు, పళ్లు కొనిపెట్టుకోండి. దుకాణంలో అడుగుపెట్టగానే 'బోంజూర్' అన్నాకే అడగాల్సింది అడగాలి. అనకపోతే అమర్యాదగా తీసుకుంటారు.

శాకాహారులకు 'శాకాహారం' అన్న మాట ఒక్కటే సరిపోదు, చేపలు పెట్టేస్తారు. 'సాన్ వియాంద్, సాన్ ప్వాసోన్', మాంసం వద్దు, చేప వద్దు అని విడిగా చెప్పండి. గెలెట్ అనే బక్‌వీట్ అట్టు మంచి దారి, కానీ 'కోంప్లెత్' అంటే అందులో పంది మాంసం ఉంటుంది. చీజ్, గుడ్డు, పుట్టగొడుగులు అడగండి. సంప్రదాయ కామెంబేర్ చీజ్‌లో పాలను విరిచేది దూడ పొట్టలోని రెనెట్, నియమం పాటించేవాళ్లు మానుకోవాలి. తెర్గూల్ మాత్రం వదలకండి. బియ్యం, పాలు, చక్కెర, దాల్చినచెక్క కలిపి సన్నని సెగ మీద ఓవెన్‌లో ఐదారు గంటలు ఉంచే పాయసం ఇది. పైన గోధుమరంగు మీగడ కడుతుంది, కింద పరమాన్నమే.

7. మోన్ సాన్ మిషెల్

కార్లు రెండున్నర కిలోమీటర్ల ముందే ఆగిపోతాయి. అక్కడి నుంచి ఉచిత షటిల్ బస్సు, లేదా 40 నిమిషాల నడక. ఒకవైపు నడవండి, కోట పెరుగుతూ వచ్చేది నడకలోనే తెలుస్తుంది. పెద్ద సూట్‌కేసులు మఠంలోకి రానివ్వరు కాబట్టి సామాను హోటల్లో పెట్టే రావాలి. మెట్లు 350 దాకా ఉంటాయి, లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఇది ముందే చెప్పండి. కింది వీధి, ప్రాకారాలు వాళ్లు నెమ్మదిగా తిరగవచ్చు.

పదకొండు నుంచి నాలుగు దాకా ఆ ఒక్క ఇరుకు వీధిలో కాలు కదలదు. మఠం టికెట్ ఆన్‌లైన్‌లో పొద్దున మొదటి వేళకు తీసుకోండి, లేదా సాయంత్రం చివరి ప్రవేశానికి. గుమ్మంలోంచి ప్రధాన వీధిలోకి పోకుండా ఎడమో కుడో కనిపించే మెట్లెక్కి ప్రాకారం మీదుగా పైకి చేరితే రద్దీ తప్పుతుంది. పోటు చూడటానికి ఉత్తర బురుజు, మఠం పడమటి వాకిలి మంచివి. కూయెనోన్ నది మీది ఆనకట్ట నుంచైతే పోటు నురుగు గీతలా నదికి ఎదురెక్కడం కనిపిస్తుంది.

అఖాతంలో ఇసుక మీద నడవాలంటే అనుమతి ఉన్న గైడ్ తోడు లేకుండా అడుగు పెట్టకండి. ఊబి ఒక ప్రమాదం. అంతకంటే పెద్దది నీరు వచ్చే తీరు. ఎదురుగా అలగా రాదు, వెనక ఉన్న లోతైన పాయల్లోకి ముందు నిండుతుంది. ఎదుట ఇసుక పొడిగానే ఉండగా తిరుగు దారి మూసుకుపోతుంది. ఎదురు ఒడ్డున జెనే ఊరి దగ్గర బెక్ దాందేన్ నుంచి బయలుదేరే నడక రానూపోనూ 13 కిలోమీటర్ల పైనే. మోకాళ్ల దాకా పాయలు దాటాలి, నిక్కరు వేసుకోండి, ఒట్టికాళ్లతో నడవాలి. నీళ్లు, గాలి ఆపే జాకెట్, ఒక చిన్న తువ్వాలు చాలు. గొడుగు పనికిరాదు, గాలికి తిరగబడుతుంది. కాళ్లకు అంటే బూడిదరంగు మెత్తటి బురదను అక్కడివాళ్లు తాంగ్ అంటారు. ఆరితే వేళ్ల సందుల్లో సిమెంటులా పట్టేస్తుంది కాబట్టి చివరి పాయలోనే కడిగేసుకుని బూట్లు తొడుక్కోండి.