ఆర్‌వీలో బిగ్ బెండ్ వెళ్ళి రావడం ఎలా?

డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు సెలవులు రాగానే ఆర్‌వీ, అంటే పడకలు, వంటగది, బాత్రూమ్ అన్నీ ఉండే ఇల్లులాంటి బండి, అద్దెకు తీసుకుని పశ్చిమ టెక్సాస్‌లో మెక్సికో సరిహద్దున ఉన్న బిగ్ బెండ్ నేషనల్ పార్కుకి బయల్దేరుతుంటారు. రూటు గురించి, ఫొటోల గురించి, కట్టుకెళ్ళే పులిహోర గురించి నెల ముందు నుంచీ మాట్లాడుకుంటారు. బండి కింద ఉండే ట్యాంకుల గురించి మాత్రం ఒక్కరూ అడగరు. మూడో రోజుకి బాత్రూమ్‌లోంచి వాసన మొదలవుతుంది, నాలుగో రోజుకి ఇంట్లో పెద్దవాళ్ళు హోటల్‌కి పోదామంటారు. అంత దూరం వెళ్ళి ట్రిప్పు అలా పాడుచేసుకోవడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. అందుకే మిగతావి గబగబా చెప్పేసి, అసలు సంగతి దగ్గర తీరిగ్గా ఆగుతాను.

1. బండి

24 అడుగుల లోపు సీ క్లాస్ బండి తీసుకోండి. డ్రైవర్ తల మీదుగా ఇంకో పడక ఉంటుంది చూడండి, అదే. బస్సంత ఉండే ఏ క్లాస్ వద్దు, వెనక తగిలించుకునే ట్రెయిలర్ అసలే వద్దు. చీసోస్ కొండల నడుమకి వెళ్ళే బేసిన్ రోడ్డు మీదికి 24 అడుగులు దాటిన ఆర్‌వీలు, 20 అడుగులు దాటిన ట్రెయిలర్లు తేవద్దని పార్కువాళ్ళే చెబుతారు. ఈ సైజు బండికి టెక్సాస్‌లో మామూలు కారు లైసెన్సే చాలు. ఒప్పందంలో మైలుకి ఎంత, జనరేటర్‌కి గంటకి ఎంత అన్నది చదవండి. గ్యాలన్‌కి 8 నుంచి 10 మైళ్ళకి మించి రావని లెక్క వేసుకోండి.

ఎస్‌యూవీలో వెళ్ళి హోటల్లో దిగితే చవక కదా అంటారు. చవకే కావచ్చు. కానీ మారథాన్ ఊరి నుంచి పార్కులోని పాంథర్ జంక్షన్ దాకా దాదాపు 70 మైళ్ళలో గ్యాస్ స్టేషన్ (పెట్రోల్ బంకు) లేదు, టిఫిన్ దొరికే చోటు లేదు. షుగర్ ఉన్న నాన్నగారు, మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు వెంట ఉంటే ఆ 70 మైళ్ళు వాళ్ళకి ఎంత టెన్షనో వాళ్ళనే అడగండి. బాత్రూమ్ వెంటే ఉంటే పెద్దవాళ్ళు మొహమాటపడకుండా నీళ్ళు తాగుతారు. ఎడారిలో అంతకంటే కావాల్సింది లేదు.

2. కాలం, దారి

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వెళ్ళండి. మార్చి మధ్యలో స్ప్రింగ్ బ్రేక్ జనం. మే వచ్చిందంటే నది ఒడ్డున 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిపోతుంది, బండిలో ఏసీ ఉన్నా పెద్దగా లాభం ఉండదు.

డాలస్ నుంచైతే ఐ-20 మీద మోనహన్స్ దాకా వెళ్ళి, అక్కడి శాండ్‌హిల్స్ స్టేట్ పార్కులో ఒక రాత్రి ఆగండి. పిల్లలు ఇసుక తిన్నెల మీద జారుతూ ఆడుకుంటారు. మర్నాడు ఫోర్ట్ స్టాక్‌టన్, మారథాన్ మీదుగా 385 హైవే పట్టుకుని పార్కులోకి. తిరిగొచ్చేటప్పుడు టెర్లింగ్వా నుంచి 118 మీద ఆల్పైన్, ఫోర్ట్ డేవిస్, అక్కడి నుంచి బాల్మోరియా. వెళ్ళిన దారినే వెనక్కి రావడం దండగ. ఫోర్ట్ డేవిస్ దగ్గర మౌంట్ లాక్ మీద టెక్సాస్ యూనివర్సిటీవాళ్ళ మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీ ఉంది, రాత్రిపూట స్టార్ పార్టీలు (చుక్కలు చూపించే కార్యక్రమాలు) పెడతారు. టికెట్లు ముందే తీసుకోండి. బాల్మోరియాలో ఊట నీటితో నిండే పెద్ద కొలను ఉంది. నీళ్ళు ఏడాది పొడుగునా 72 నుంచి 76 డిగ్రీల మధ్యే ఉంటాయి.

3. రాంచుల మధ్య నడపడం

ఫోర్ట్ స్టాక్‌టన్ దాటాక రెండు పక్కలా కంచె, కంచె వెనక కనుచూపు మేర ఎండిన గడ్డి, అక్కడక్కడా ఒక గాలిమర, నాలుగు ఆవులు. ఎంత ఖాళీగా కనిపించినా అదంతా ఎవరో ఒకరి రాంచే, అంటే పశువులు మేపుకునే సొంత భూమే. టెక్సాస్‌లో నూటికి 90 పాళ్ళు మించి భూమి ప్రైవేటుదే. యూటా, అరిజోనాల్లో ప్రభుత్వ భూమి మీద ఎక్కడ పడితే అక్కడ బండి ఆపి పడుకున్న అలవాటు ఇక్కడ పనికిరాదు. గేటు కనిపించింది కదా అని లోపలికి తిప్పకండి.

ఐ-20 మీద కొన్నిచోట్ల 80 మైళ్ళ స్పీడ్ లిమిట్ ఉంటుంది. అది మీకు కాదు. ఆర్‌వీ ఎత్తుగా ఉంటుంది, అడ్డగాలి ఒక్క తోపు తోస్తే పక్క లేన్‌లో ఉంటారు. ట్రక్కు దాటి వెళ్ళినప్పుడూ అంతే. 62 దగ్గర పెట్టి కుడి లేన్‌లోనే వెళ్ళండి. గ్యాస్ సగానికి వస్తే నింపించండి. మ్యాపులు ఫోన్‌లోకి ముందే దించుకోండి, పార్కులో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. పొద్దు గూకేలోపు బండి క్యాంపు సైట్‌లో ఆగి ఉండాలి. చీకటి పడితే జింకలు, అడవి పందుల్లాంటి హావలీనాలు రోడ్డు మీదికి వస్తాయి. కొన్నిచోట్ల ఆవులు కూడా.

4. సైట్

పార్కు లోపల రియో గ్రాండ్ విలేజ్‌లో కరెంటు, నీళ్ళు, సూయర్ (మురుగు గొట్టం) మూడూ ఉండే, అంటే ఫుల్ హుకప్ ఆర్‌వీ పార్కు ఒకటే, సైట్లు 25. అది ముందు బుక్ చేసుకున్నాకే ఆఫీసులో లీవు పెట్టండి. కాటన్‌వుడ్ క్యాంప్‌గ్రౌండ్‌లో జనరేటర్ వాడనివ్వరు, డంప్ స్టేషన్ (ట్యాంకుల్లోని మురుగు వదిలే చోటు) కూడా లేదు.

సైట్‌లో దిగాక బండి సమంగా ఉందో లేదో చూసుకుని, లేకపోతే చక్రాల కింద బ్లాకులు పెట్టండి. నీళ్ళ పైపుకి ప్రెషర్ రెగ్యులేటర్ తగిలించండి. మీది 30 ఆంప్ బండి, అంటే మొత్తం 3,600 వాట్లు. ఏసీ నడుస్తుండగా ఇన్‌స్టంట్ పాట్, మైక్రోవేవ్ కలిపి వేస్తే బ్రేకర్ పడిపోతుంది. అన్నం వండేటప్పుడు ఏసీ ఆపండి.

5. ట్యాంకులు

ఇక్కడ నెమ్మదిగా చదవండి.

బండి కింద మూడు ట్యాంకులు. మంచినీళ్ళది ఒకటి, సింకు, షవర్ నీళ్ళు చేరే గ్రే ట్యాంకు ఒకటి, టాయిలెట్ కింద ఉండే బ్లాక్ ట్యాంకు ఒకటి. గ్రే, బ్లాక్‌లకి విడివిడిగా వాల్వులు ఉంటాయి, రెండూ కలిసి బయటికి ఒకే గొట్టంలోంచి వస్తాయి.

ఫుల్ హుకప్ సైట్‌లో దిగగానే చాలామంది సూయర్ గొట్టం తగిలించి రెండు వాల్వులూ తెరిచి వదిలేస్తారు, ఇంట్లో డ్రైనేజీలా దానంతటదే పోతుందిలే అని. పోదు. నీళ్ళు మాత్రం జారిపోతాయి, గట్టిదంతా టాయిలెట్ గొట్టం కింద కుప్ప పడుతుంది. ఎడారి వేడికి అది ఎండి ట్యాంకు అడుగుకి అతుక్కుపోతుంది. ఆ తర్వాత బకెట్లు బకెట్లు పోసినా కదలదు. కాబట్టి బ్లాక్ వాల్వు ఎప్పుడూ మూసే ఉండాలి. ట్యాంకు కనీసం మూడింట రెండు వంతులు నిండాకే తెరవాలి. నిండలేదా, టాయిలెట్‌లోంచి నీళ్ళు పోసి నింపండి. గ్యాలన్ నీళ్ళు 3.8 కిలోల దాకా ఉంటాయి, 25 గ్యాలన్లంటే 95 కిలోలు. ఆ బరువు ఒక్కసారిగా దిగితేనే అడుగున ఉన్నది కూడా కొట్టుకుపోతుంది. కొంచెం కొంచెం కారనిస్తే ఆ వేగం రాదు.

గోడ మీద లైట్ల ప్యానెల్ ఉంటుంది, ట్యాంకు ఎంత నిండిందో చూపించేది. దాన్ని నమ్మకండి. లోపల సెన్సర్ మీద తడి పేపరు ముక్క ఒకటి అంటుకుంటే ఖాళీ ట్యాంకు కూడా మూడింట రెండు వంతులని చూపిస్తుంది. టాయిలెట్ పెడల్ తొక్కి, టార్చి వేసి లోపలికి చూడండి. నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో కళ్ళకే తెలుస్తుంది.

పేపరు సింగిల్ ప్లైదే వాడండి. ప్యాకెట్ మీద ఫ్లషబుల్ అని రాసి ఉన్నా వెట్ వైప్స్ టాయిలెట్‌లో వేయకూడదు, పిల్లలకి మరీ మరీ చెప్పండి. చెంబుతో నీళ్ళు వాడే మన అలవాటు ఈ ట్యాంకుకి చాలా మంచిది. నీళ్ళు ఎక్కువ, పేపరు తక్కువ, కుప్ప పడదు. కాకపోతే త్వరగా నిండుతుంది, ఐదుగురుంటే రోజూ టార్చి వేసి చూడాల్సిందే. గ్రే ట్యాంకుకి మాత్రం మన వంటతోనే ఇబ్బంది. తాలింపు నూనె, పప్పు అడుగు, కరివేపాకు సింకులో పోస్తే గొట్టాల్లో పేరుకుని కంపు కొడుతుంది. కంచాలు, మూకుళ్ళు ముందు పేపర్ టవల్‌తో తుడిచి, ఆ తర్వాతే కడగండి.

ఇక డంప్ చేసే పద్ధతి. సైట్‌లో గ్రే వాల్వు తెరిచి ఉంచుకోవచ్చు, కానీ డంప్ చేసే ముందు రోజు దాన్ని కూడా మూసేయండి. ఆ సబ్బునీళ్ళే చివర్లో గొట్టం కడుగుతాయి.

గ్లవ్స్ వేసుకోండి. బండి మూత తీసే ముందు రెండు వాల్వులూ పూర్తిగా లోపలికి నెట్టి ఉన్నాయో లేదో చేత్తో నెట్టి చూడండి. ఒట్టి చూపుతో సరిపెట్టుకోకండి. ముందు తీసుకున్నవాళ్ళు వాల్వు సగం తెరిచి వదిలి ఉంటే, మూత తీసిన క్షణంలో మీ చెప్పుల మీద పడుతుంది. మూత తిప్పేటప్పుడు దాని ఎదురుగా కాకుండా పక్కన నిలబడండి. గొట్టం తగిలించి, కొక్కేలు రెండూ పట్టుకునేదాకా తిప్పి, ఒకసారి గట్టిగా లాగి చూడండి. రెండో కొస నేలలోని రంధ్రంలోకి లోతుగా దించి, దాని మీద బరువైన రాయి పెట్టండి. నీళ్ళు దూకినప్పుడు ఆ కొస పైకి ఎగరడానికి చూస్తుంది, రాయి లేకపోతే నిజంగానే ఎగురుతుంది.

ఇప్పుడు బ్లాక్ వాల్వు పూర్తిగా, ఒక్క లాగుడుకి తెరవండి. చప్పుడు పెద్దగా వచ్చి, తగ్గి, ఆగుతుంది. ఆగాక వాల్వు మూసి, టాయిలెట్‌లోంచి నాలుగైదు బకెట్లు పోసి మళ్ళీ తెరవండి. గొట్టం మొదట్లో పారదర్శకంగా ఉండే వంపు ముక్క ఒకటి కొని పెట్టుకుంటే, లోపల నీళ్ళు తేటపడ్డాయో లేదో కనిపిస్తుంది. తేటపడేదాకా ఇదే పని. ఆ తర్వాత బ్లాక్ మూసి, అప్పుడు గ్రే తెరవాలి. రెండూ ఒకేసారి ఎప్పుడూ తెరవకండి. బ్లాక్ ట్యాంకులోది గ్రే ట్యాంకులోకి ఎక్కి, షవర్ అడుగున తేలుతుంది. ముందు గ్రే, తర్వాత బ్లాక్ అన్నా కుదరదు, గొట్టం కడగడానికి ఏమీ మిగలదు.

గొట్టం తీసేటప్పుడు బండి వైపు ముందు విప్పి, పైకెత్తి, లోపలున్నది రంధ్రంలోకి వంచండి. డంప్ స్టేషన్‌లో కడగడానికి పెట్టిన కుళాయి పైపు మంచినీళ్ళ ట్యాంకు దరిదాపుల్లోకి రాకూడదు. తాగే నీళ్ళకి తెల్ల పైపు విడిగా, ఇంకో అరలో ఉండాలి. చివరగా బ్లాక్ ట్యాంకులో రెండు మూడు గ్యాలన్ల నీళ్ళు, ట్యాంకు మందు వేసి వదలండి. పొడి ట్యాంకుతో ఎడారిలో రోజు మొదలుపెట్టకూడదు.

ఈ పనంతా పావుగంట. రాత్రి పూట, వర్షంలో, వెనక బండ్లవాళ్ళు హారన్ కొడుతున్నప్పుడు చేయకండి. పొద్దున్నే, తొందర లేని వేళ చేయండి.

6. పార్కులో తిరగడం

శాంటా ఎలేనా లోయ తప్పకుండా చూడండి. రియో గ్రాండ్ నది రెండు పక్కలా 1,500 అడుగుల రాతి గోడలు, ఒకటి అమెరికా, ఒకటి మెక్సికో. చీసోస్ బేసిన్‌లో పనుల వల్ల మూసివేతలు ఉండొచ్చు, బయల్దేరే ముందు పార్కు వెబ్‌సైట్ చూడండి. లహీటాస్ దాటి ప్రెసిడియో వెళ్ళే 170 రోడ్డు మీదికి మాత్రం ఆర్‌వీ తీసుకెళ్ళకండి, బిగ్ హిల్ దగ్గర 15 శాతం ఏటవాలు. రాత్రి బండి బయటి లైట్లు ఆర్పేయండి. 2012 నుంచి ఇది డార్క్ స్కై పార్కు, పక్క సైట్‌వాళ్ళు కూడా చుక్కల కోసమే వచ్చి ఉంటారు.

7. తిరుగు ప్రయాణం

పార్కు నుంచి ఉత్తరానికి వచ్చే 385, 118 రెండింటి మీదా బోర్డర్ పెట్రోల్ చెక్‌పాయింట్లు ఉంటాయి. వీసా మీద ఉన్నవాళ్ళు పాస్‌పోర్ట్, ఐ-94 (అమెరికాలోకి వచ్చినప్పటి రికార్డు) పెట్టుకోవాలి, గ్రీన్ కార్డువాళ్ళు కార్డు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల పాస్‌పోర్ట్‌లు ఇంట్లో లాకర్‌లో పెట్టి రావడం చాలామంది చేసే పొరపాటు. ఫొటో కాపీలు కాదు, అసలువే తెచ్చుకోండి, డ్రైవర్ పక్క అరలోనే ఉంచండి. పార్కులోంచే బోకియాస్ అనే మెక్సికో ఊరికి దాటే చోటు కూడా ఉంది. వీసా మీద ఉన్నవాళ్ళు లాయర్‌ని అడగకుండా దాటకండి.

బండి ఇచ్చే ముందు ట్యాంకులు రెండూ మళ్ళీ పైన చెప్పిన వరసలోనే ఖాళీ చేయండి. లేకపోతే డంప్ ఫీజు విడిగా వేస్తారు.