డ్రాగ్ స్ట్రిప్‌లో లైన్ మీదికి వెళ్లేముందు జాగ్రత్తలు

డ్రాగ్ స్ట్రిప్ అంటే కార్లు ఆగిన చోటు నుంచి తిన్నగా దూసుకెళ్లే పందెం ట్రాక్. ఇదంతా ఆ ట్రాక్ మీదే, రోడ్డు మీద ఎప్పుడూ వద్దు.

– డిక్కీలో జాకీ, నీళ్ల సీసాలు తీసేయండి. డ్రైవర్ కాళ్ల కింది మ్యాట్ కూడా తీయాల్సిందే, జారి పెడల్ కింద ఇరుక్కుంటే బ్రేక్ పడదు.

– వీల్ నట్లు, హెల్మెట్, బెల్టు చూసుకోండి. ఆయిల్ చుక్క కారుతున్నా కారును ట్రాక్ మీదికి దించొద్దు. వెనకొచ్చేవాళ్ల ప్రాణాల మీదికి వస్తుంది.

– అసలు సంగతి టైర్లలో గాలి. ఇంజన్ తిప్పే చక్రాల్లో ఒకటి రెండు పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గించి, మొదటి 60 అడుగుల టైమ్ చూడండి. టైమ్ తగ్గితే పట్టు పెరిగినట్టే. రోడ్డు టైర్లలో మరీ తగ్గిస్తే పక్కలు మెత్తబడి, 402 మీటర్ల (పావు మైలు) పందెం చివర వేగంలో కారు ఊగుతుంది.

– రోడ్డు టైర్లైతే బర్నౌట్ (టైర్లు వేడెక్కేలా ఉన్నచోటే చక్రాలు తిప్పడం) కోసం పోసిన నీళ్లలోకి దిగకుండా పక్కనుంచి వెళ్లండి. టైరు గాడుల్లో చేరిన నీరు స్టార్ట్ లైన్ దాకా కారుతుంది.

– స్టార్ట్ లైన్ దగ్గరి పసుపు లైట్లు అర సెకను తేడాతో ఒక్కొక్కటిగా వెలిగే చోట మూడోది వెలగగానే కదలాలి. పచ్చ కోసం ఆగితే ఆలస్యమే.

– చక్రాలు ఊరికే తిరుగుతుంటే టెన్షన్‌లో ఇంకా తొక్కకండి, కాస్త వదలండి. కారు అడ్డం తిరిగేలా ఉంటే ఆ రన్ వదిలేయండి.