శేషాచలం అడవుల్లో పిట్టలను చూడబోయే వారికి కొన్ని జాగ్రత్తలు

తలకోన, మామండూరు పరిసరాల్లో పిట్టలను చూడదలచినవారు మొదట అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. ఇది ఎర్రచందనం అడవి కనుక, చెప్పకుండా లోపల తిరిగేవారిని సిబ్బంది అనుమానించడం సహజం. పైగా దొంగచాటుగా చెట్లు నరికేవారికి ఎదురుపడటం చిరుతకు ఎదురుపడటం కన్నా చిన్న ప్రమాదమేమీ కాదు. దారి తెలిసిన స్థానికుణ్ణి వెంటబెట్టుకుంటే ఈ రెండు చిక్కులూ చాలావరకు తప్పుతాయి.

పిట్టలు చురుగ్గా ఉండే తెల్లవారుజాము, సాయంత్రమే ఎలుగుబంటి తిరుగాడే వేళలు కూడా. ఈ ప్రాంతానికి వచ్చేవారు ముఖ్యంగా వెతికే పసుపుగొంతు పికిలిపిట్ట రాతి వాలుల మీది తుప్పల్లో ఉంటుంది. ఎలుగు పగటిపూట తలదాచుకునేదీ అలాంటి బండల సందుల్లోనే. బైనాక్యులర్ కళ్లకు ఆనించుకున్న మనిషికి పక్క పొదలో కదలిక తెలియదు కాబట్టి, ఒకరు పిట్టను చూస్తున్నంతసేపూ మరొకరు చుట్టూ కనిపెట్టి ఉండాలి. బాగా వెలుగు వచ్చాకే బండల వైపు నడవాలి. అలికిడి లేకుండా నడవడం పిట్టలకు మంచిదే గాని, హఠాత్తుగా మనిషి ఎదురైనప్పుడే ఎలుగు ఎక్కువగా మీదపడుతుంది. అందుకే మలుపుల దగ్గర మాట్లాడుకుంటూ వెళ్లాలి, దానివల్ల ఒక పిట్ట ఎగిరిపోయినా సరే. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవుల్లో ఏనుగులుంటాయి. అక్కడ చీకటి పడకముందే ఊరు చేరుకోవాలి.

ఈశాన్య రుతుపవనాల కాలమైన అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వంకలను నమ్మకూడదు. కొండమీద వాన పడితే కింద ఎండ కాస్తున్నా నీరు ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. 2021 నవంబరు వరదలను తిరుపతి వాసులెవరూ మరువలేదు. జనవరి, ఫిబ్రవరి నెలలు అనువైనవి. వలస పిట్టలూ అప్పటికి ఇక్కడే ఉంటాయి.

వానల తరువాత తుప్పల్లో తిరిగినవారికి స్క్రబ్ టైఫస్ (తుప్పల్లోని సన్నటి నల్లి పురుగులు కుట్టడం వల్ల వచ్చే జ్వరం) సోకవచ్చు. పొడుగు చేతుల చొక్కా వేసుకుని, ప్యాంటు అంచులు సాక్సులోకి దోపుకోవాలి. తిరిగివచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే అడవికి వెళ్లిన సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి. ఒంటిమీద కాలినట్టు నల్లటి పెచ్చు కనబడితే చూపించాలి. సకాలంలో గుర్తిస్తే ఇది మామూలు యాంటీబయాటిక్‌తోనే తగ్గుతుంది.

పాము కరిస్తే కోయడం, బిగించి కట్టడం, నాటు మందు పూయడం వద్దు. ఉంగరాలు తీసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కు ఫోన్ చేసి తిరుపతిలోని రుయా వంటి పెద్దాసుపత్రికి చేర్చాలి. లోయల్లో సిగ్నల్ అందదు గనుక, ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగివస్తారో బయలుదేరే ముందే ఇంట్లో రాసిపెట్టాలి.